‘సరదాకే ఏడిపించాం సార్’

తెలుగులో ‘ఏడిపించడం’ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. బావ మరదల్ని ఏడిపిస్తాడు, తాతయ్య మనవడిని ఏడిపిస్తాడు. అక్కడ ఎవరూ ఏడవరు, ఇల్లంతా నవ్వుతుంది. అదే మాటని తొమ్మిదో తరగతి పిల్లాడు ఇంటికొచ్చి "క్లాసులో రోజూ నన్ను ఏడిపిస్తున్నారమ్మా" అని వాడితే, అమ్మ చెవికి వినిపించేది ఆ సరదా అర్థమే. "పోనీలేరా, అలాగే అంటారు, నువ్వు పట్టించుకోకు" అంటుంది. వాడు రెండోసారి చెప్పడు.

బుల్లీయింగ్ అనేదానికి మనకి విడిగా ఒక మాట లేదు. ర్యాగింగ్ అనగానే ఇంజినీరింగ్ కాలేజీ గుర్తొస్తుంది. ఈవ్ టీజింగ్ అంటే బస్టాపు. వేధింపులు అంటే అప్పులవాళ్ళు, అత్తింటివాళ్ళు. బడిలో, ట్యూషన్లో, హాస్టల్ గదిలో, వాట్సాప్ గ్రూపులో పదమూడు, పద్నాలుగేళ్ళవాళ్ళు తమలో ఒకరిని ఎంచుకుని నెలల తరబడి నలిపేసే పని మాత్రం ‘పిల్లల గొడవలు’ అనే సంచిలో పడిపోతుంది. ఆ సంచిలో ఒకదానితో ఒకటి పోలిక లేనివి చాలా ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోకపోతే, దేనికి వాడాల్సిన మందు దేనికో వాడతాం.

దీన్ని పద్ధతిగా తేల్చే పని ముందు స్కాండినేవియా దేశాల్లో జరిగింది. 1982 చివర్లో ఉత్తర నార్వేలో పద్నాలుగేళ్ళు దాటని ముగ్గురు మగపిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. తోటిపిల్లలు పెట్టిన హింసే కారణమయ్యుంటుందని దేశం మొత్తం కలవరపడింది. మరుసటి ఏడాదే అక్కడి విద్యాశాఖ అన్ని బడుల్లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి పదేళ్ళకు పైగా ఇదే విషయం మీద పనిచేస్తున్న మనస్తత్వవేత్త డాన్ ఓల్వియస్, బెర్గెన్ నగరంలో 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లల్ని తీసుకుని ఆ కార్యక్రమం ఫలితాన్ని కొలిచాడు. బుల్లీయింగ్‌ని గుర్తుపట్టడానికి ఆయన చెప్పిన మూడు గుర్తులనే ఇవాళ్టికీ చాలా దేశాల్లో వాడుతున్నారు: నొప్పించాలనే ఉద్దేశం ఉండాలి, మళ్ళీ మళ్ళీ జరగాలి, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండాలి.

ఈ మూడింటిలో పెద్దవాళ్ళు పట్టించుకోనిది మూడోది. బలం అంటే కండ ఒక్కటే కాదు. వెనక నలుగురు ఉండటం బలం. ఇంగ్లిష్ బాగా రావడం, నాన్న స్కూల్ కమిటీలో ఉండటం, మార్కులు, కులం, అవతలివాళ్ళ ఫొటో ఒకటి మన ఫోన్లో ఉండటం, ఇవన్నీ బలాలే. క్రికెట్లో అవుటా కాదా అని ఇద్దరు కాలర్లు పట్టుకుంటే అది గొడవ. ఇద్దరికీ సమానంగా కోపం, సమానంగా నోరు. హెడ్మాస్టరు పిలిచి "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి" అంటే సాయంత్రానికి మళ్ళీ కలిసి ఆడుకుంటారు. ఇదే వైద్యం బుల్లీయింగ్‌కి చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మూణ్ణెల్లుగా దెబ్బలు తింటున్నవాడు, కొట్టినవాడికి అందరి ముందూ చెయ్యందించాలి. ‘ఇద్దరిదీ తప్పుంది’ అనే తీర్పు వినాలి. గేటు దాటాక "నా మీద చెప్తావురా?" అని ఇంకో నాలుగు తినాలి. రెండు చేతులూ కలిస్తేనే చప్పుడు అని మనవాళ్ళు చాలా తేలిగ్గా అనేస్తారు. చప్పట్లకి రెండు చేతులు కావాలి గానీ, చెంపదెబ్బకి ఒక్కటి చాలు.

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా క్లాసులో నత్తి ఉన్న కుర్రాడొకడు ఉండేవాడు. తెలుగు వాచకం పైకి చదవమని లేపినప్పుడల్లా మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. వెనక బెంచీలో ఒకడు ఆ ఆగడాన్ని అచ్చంగా అనుకరించేవాడు. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. మాస్టారు కోప్పడేవారు గానీ ఆయన మూతి మీద కూడా చిన్న నవ్వు ఉండేదని మాకు కనిపించేది. కొన్నాళ్ళకి ఆ కుర్రాడు తెలుగు పీరియడ్ ఉన్నరోజు రావడం మానేశాడు. వాణ్ణి ఏడిపించింది ఆ వెనక బెంచీవాడని చాలా ఏళ్ళు అనుకున్నాను. వాడొక్కడే చేసి, మిగతా నలభైమందీ నవ్వకుండా కూచుంటే ఎన్నాళ్ళు చేసేవాడు?

ఈ ప్రశ్నకి జవాబు వెతికినవాళ్ళున్నారు. కెనడాలోని టొరంటోలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ అనే పరిశోధకులు, వాళ్ళ సహచరులు బడి ఆటస్థలాల్లో కెమెరాలూ మైకులూ పెట్టి, పిల్లలు నిజంగా ఏం చేస్తారో రికార్డు చేశారు. 2001లో వచ్చిన వాళ్ళ పరిశోధన ప్రకారం 88 శాతం ఘటనల్లో పక్కన చూసే పిల్లలున్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు అడ్డుపడింది 19 శాతం ఘటనల్లోనే. కానీ అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే ఆగిపోయింది. నాకు ఈ విషయంలో తెలిసిన అంకెలన్నిటిలో ఇంత ఆశ కలిగించేది, ఇంత సిగ్గు కలిగించేది ఇంకోటి లేదు.

ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి 1996లోనే ఈ చూసేవాళ్ళని విడదీసి చూపించింది. దెబ్బలు తినేవాడి చేతులు పట్టుకుని ఏడిపించేవాడికి సాయం చేసేవాళ్ళు కొందరు. పక్కన నిలబడి నవ్వి, కేకలేసి ఊపు తెచ్చేవాళ్ళు కొందరు. నాకెందుకులే అని తల తిప్పుకునేవాళ్ళు కొందరు. దెబ్బతిన్నవాడి పక్కకి వెళ్ళేవాళ్ళు కొద్దిమంది. తల తిప్పుకునేవాడు తానేం చేయలేదనుకుంటాడు. దెబ్బలు తినేవాడికి మాత్రం ఆ మౌనం ‘నీకు ఇది తగిందే’ అని వినిపిస్తుంది. తుర్కు విశ్వవిద్యాలయం ఈ ఆలోచన మీదే ‘కివా’ అనే కార్యక్రమాన్ని తయారుచేసింది. 2009 నుంచి ఫిన్లాండ్ బడులకి అది విస్తరించింది. అందులో క్లాసు మొత్తానికి పాఠాలుంటాయి, అవి ప్రధానంగా ఈ చూసేవాళ్ళ కోసం.

టీనేజీలోనే ఇది ఎందుకింత ముదురుతుంది అంటే, ఆ వయసుకి ప్రేక్షకులే ప్రాణం. అమెరికాలో లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ 2005లో ఒక డ్రైవింగ్ వీడియో గేమ్‌తో ప్రయోగం చేశారు. 13–16 ఏళ్ళవాళ్ళు ఒంటరిగా ఆడినప్పటికంటే పక్కన స్నేహితులు చూస్తున్నప్పుడు రెట్టింపు పైనే ప్రమాదాలకి తెగించారు. 24 దాటినవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. ముందు వెనకా ఆలోచించి ఆగమనే మెదడు భాగం ఇరవై దాటిన కొన్నేళ్ళకి గానీ పూర్తిగా ఎదగదు. ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా మాట్లాడే కుర్రాడు నలుగురిలో అంత క్రూరంగా ఎలా మారతాడని తల్లిదండ్రులు నమ్మలేకపోవడానికి కారణం ఇదే. "మావాడు అలాంటివాడు కాదండీ" అని వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో వాడు అలాంటివాడు కాదు, అంతే.

మన దగ్గర ఎవరిని ఎంచుకుంటారు? ముందు ఒంటి మీద కనిపించేది. నల్లోడు, బొండాం, పొట్టోడు, సోడాబుడ్డి. మన సినిమాల్లో కమెడియన్ని దశాబ్దాలుగా ఇవే పేర్లతో పిలిచి నవ్వించారు, పిల్లలు నేర్చుకున్నారు. తర్వాత యాస. శ్రీకాకుళం నుంచి విజయవాడ హాస్టల్‌కి వచ్చిన పిల్లాడు, పాలమూరు పల్లె నుంచి హైదరాబాద్ వచ్చిన అమ్మాయి నోరు తెరిచేముందు ప్రతి మాటనీ లోపలే దిద్దుకుంటారు. కొన్నాళ్ళకి నోరు తెరవడమే తగ్గించేస్తారు. కులం ఇంత పైకి రాదు. "మీ ఇంటిపేరేంట్రా?" అని మొదలై "మీకేంట్రా, చదవకపోయినా సీటొస్తుంది" దగ్గర తేలుతుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని కులం పేరుతో నలుగురిలో అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వచ్చే విషయం. దాన్ని కూడా సరదా ఖాతాలో రాసే స్టాఫ్ రూములున్నాయి.

ఇంకొకటి మార్కులు. చాలా ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో వారం వారం పరీక్షలు, వాటిని బట్టి సెక్షన్లు. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి దిగిన పిల్లాణ్ణి ఎవరూ ఏమీ అనక్కర్లేదు, వాడు పుస్తకాలు సర్దుకుని గది మారడం అందరూ చూస్తారు. పిల్లల్ని వరసల్లో నిలబెట్టి ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని రోజూ చూపించే చోట, ఆ పాఠాన్ని పిల్లలు రాత్రి హాస్టల్లో తిరిగి అప్పజెబితే ఆశ్చర్యం దేనికి? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నే కాదు, మానసికంగా హింసించడాన్ని కూడా నిషేధించింది. టీచరు ఒక్కసారి ‘దున్నపోతు’ అన్న పిల్లాడికి ఆ సంవత్సరమంతా అదే పేరు. మళ్ళీ మళ్ళీ పిలిచేది పిల్లలే అయినా పేరు పెట్టింది వాళ్ళు కాదు.

అమ్మాయిల మధ్య జరిగేది పెద్దవాళ్ళ కంటికి అసలు ఆనదు. దెబ్బ ఉండదు, తిట్టు ఉండదు. లంచ్ బాక్సులు తెరిచే గుంపులో ఒకరోజు జాగా ఉండదు. పుట్టినరోజు ఫొటోల్లో ఒక్క అమ్మాయే ఉండదు. కొత్త వాట్సాప్ గ్రూపు పుడుతుంది, అందులో ఆమె తప్ప అందరూ ఉంటారు. "మాట్లాడకపోతే మానెయ్, చదువుకో" అంటాం. మనుషుల్ని మెదడు స్కానర్లో పడుకోబెట్టి, బంతి విసురుకునే కంప్యూటర్ ఆటలోంచి కావాలని వెలేసి చూసిన ఒక ప్రయోగం 2003లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒంటికి నొప్పి పుట్టినప్పుడు చురుకయ్యే మెదడు భాగమే అప్పుడూ చురుకైంది. వెలి అంటే ఎంత పెద్ద శిక్షో మన పల్లెలకి ఆ ప్రయోగం లేకుండానే తెలుసు.

అబ్బాయిలు అమ్మాయిల పట్ల చేసేదానికి ఇంకో చిక్కు ఉంది. వద్దన్న అమ్మాయి వెంటపడటాన్ని మన తెర మీద చాలాకాలం ప్రేమ అనే పిలిచారు. రోజూ ట్యూషన్ దగ్గర కాపు కాయడం, నంబర్ సంపాదించి మెసేజ్‌లు పెట్టడం, ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్త కొత్త అకౌంట్లతో రావడం, ఇవన్నీ ఆ కుర్రాడి దృష్టిలో ‘ట్రై చేయడం’. చట్టం దృష్టిలో స్టాకింగ్, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. చేసినవాడికి 18 నిండకపోతే కేసు బాలల న్యాయమండలి ముందుకి వెళ్తుంది. అంటే వదిలేయడం కాదు, విచారణ దారి వేరు. బాధితురాలికి 18 లోపు ఉండి, అది లైంగిక వేధింపు అయితే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వస్తుంది. ఆ సంగతి తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. స్కూల్ పేరు పోతుందని లోపల్లోపల సర్దేసే యాజమాన్యాలకి ఈ ముక్క గట్టిగా గుర్తుచేయాలి.

ఫోన్ వచ్చాక మారింది ముఖ్యంగా ఒక్కటి: ఇల్లు చేరితే తప్పించుకున్నట్టే అన్న ధైర్యం పోయింది. బడి గంట కొట్టాక కూడా గ్రూపు నడుస్తూనే ఉంటుంది. నవ్వేవాళ్ళ సంఖ్య నలభై నుంచి నాలుగొందలవుతుంది. ఎవరి ఫొటోనైనా మార్ఫింగ్ చేసి అసభ్యంగా తయారుచేయడం ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్న పని. 18 లోపువాళ్ళ అలాంటి ఫొటోని తయారుచేయడమే కాదు, ఫార్వర్డ్ చేయడం, డౌన్‌లోడ్ చేసుకోవడం కూడా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. ‘నేను ఊరికే పంపాను’ అన్న పిల్లాడికీ, వాడి తల్లిదండ్రులకీ ఇది తెలియదు. ఇలాంటిది జరిగితే కంగారులో అన్నీ డిలీట్ చేయకండి. పంపిన అకౌంట్ పేరు, లింకు, బెదిరించిన చాట్, తేదీ భద్రపరచుకోండి. ఆ ఫొటోని మాత్రం ఇంకెవరికీ సాక్ష్యం కోసమంటూ పంపకండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకి విడిగా విభాగం ఉంది. ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ కూడా ఉంది. పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక అమెరికా సంస్థ నడుపుతున్నా, ఏ దేశంలో పిల్లలైనా వాడుకోవచ్చు. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్ళదు, దాని డిజిటల్ వేలిముద్ర లాంటిది మాత్రం ఒప్పందమున్న సోషల్ మీడియా కంపెనీలకి వెళ్తుంది.

ఇన్ని దారులున్నా పిల్లలు చెప్పరు. ఎందుకు చెప్పరో వాళ్ళనే అడిగితే తెలుస్తుంది. అబ్బాయి చెబితే "నువ్వు మగాడివి కాదా, తిరిగి ఒకటి ఇవ్వలేవా" అంటారు. అమ్మాయి చెబితే ముందు ఫోన్ పోతుంది, తర్వాత ట్యూషన్ పోతుంది, బాగా భయపడ్డ ఇంట్లో చదువే పోతుంది. తప్పు చేసినవాడు బయట తిరుగుతుంటాడు, చెప్పిన పిల్ల ఇంట్లో కూచుంటుంది. హాస్టల్ పిల్లలకైతే ఫోన్ మాట్లాడేది వారానికొకసారి, అదీ పక్కన వార్డెన్ ఉండగా. "బాగున్నావా నాన్నా?" "బాగున్నా." ఆ ‘బాగున్నా’ వెనక ఏముందో ఎవరు చెప్పగలరు?

కాబట్టి పిల్లల ముఖం కన్నా అలవాట్లు చూడాలి. డబ్బులు ఉన్నట్టుండి ఎక్కువ అడగడం, మధ్యాహ్నం తినకుండా బాక్సు తిరిగి తేవడం, ఆదివారం సాయంత్రానికి కడుపునొప్పి, ఇంటికి రాగానే బాత్రూమ్‌కి పరుగు. ఆఖరిది చాలామంది గమనించరు. బడి బాత్రూమ్ అంటే భయపడే పిల్లలు పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉంటారు.

చెప్పినరోజు మనం అనే మొదటి మాట మీదే రెండో మాట ఆధారపడి ఉంటుంది. ‘నువ్వేం చేశావ్?’ అన్నది మన నోట్లో సిద్ధంగా ఉంటుంది, దాన్ని మింగేయాలి. ‘మంచిపని చేశావు చెప్పి, నీ ఫోన్ తీసుకోను, నీకు చెప్పకుండా స్కూల్‌కి రాను’, ఈ మూడూ చెప్పగలిగితే మిగతాది వాళ్ళే చెబుతారు. తర్వాత తేదీలతో సహా రాసి స్కూల్‌కి ఇవ్వాలి, నోటిమాటకి స్కూల్లో ఆయుష్షు తక్కువ. సీబీఎస్‌ఈ 2015లోనే బడుల్లో బుల్లీయింగ్ నిరోధక కమిటీలు ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. ఆ బోర్డు బడి అయితే కమిటీలో ఎవరున్నారో అడగండి. ర్యాగింగ్‌కైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన చట్టమే ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మనసు కుంగిపోయి, చచ్చిపోవాలని ఉందనే మాట వినబడితే ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఏడిపించినవాణ్ణి ఏం చేయాలన్నది అందరూ ముందు అడిగే ప్రశ్న. టీసీ ఇచ్చి పంపేయమంటారు. అమెరికా బడులు అదే దారిలో చాలా దూరం వెళ్ళాయి, చిన్న తప్పుకి కూడా సస్పెన్షన్ అనే పద్ధతి పెట్టాయి. అక్కడి మనస్తత్వవేత్తల సంఘం 2008లో దాన్ని సమీక్షించి, దానివల్ల బడులు భద్రంగా మారాయనడానికి ఆధారం లేదని తేల్చింది. టీసీ ఇస్తే కుర్రాడు పక్క బడికి వెళ్తాడు, అంతే. అలాగని బతిమాలి కౌన్సెలింగ్ చేస్తే సరిపోతుందనీ నేను అనను. వాళ్ళలో కొందరు ఇంట్లో తన్నులు తిని ఇక్కడ తన్నేవాళ్ళు, వాళ్ళకి నిజంగా సాయం కావాలి. కొందరు మాత్రం ఏ లోటూ లేనివాళ్ళు, క్లాసులో హీరోలు, టీచర్లకి ఇష్టమైనవాళ్ళు. వాళ్ళకి అందులో లాభం కనిపిస్తుంది కాబట్టి చేస్తారు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు. ఎవరికైనా విడిగా పిలిచి, జరిగింది ఇదీ అని స్పష్టంగా చెప్పి, పాడుచేసింది వాళ్ళే బాగుచేసేలా చూసి, మళ్ళీ రెండు వారాలకి పిలిచి అడగాలి. ఈ రెండో పిలుపు దగ్గరే మన బడులు చేతులెత్తేస్తాయి.

చూసే పిల్లలకి ‘ధైర్యంగా ఎదిరించండి’ అని చెప్పడం తేలిక, చేయడం తేలిక కాదు. వాళ్ళని వీరుల్ని చేయనక్కర్లేదు. నవ్వకుండా ఉండటం వాళ్ళ చేతిలో ఉంది. మీమ్ ముందుకి పంపకుండా ఉండొచ్చు. "రారా, క్యాంటీన్‌కి పోదాం" అని దెబ్బతిన్నవాణ్ణి అక్కణ్ణుంచి లాక్కుపోవచ్చు. రాత్రి ఒక మెసేజ్ పెట్టొచ్చు, ‘వాళ్ళు చేసింది నాకు నచ్చలేదు’ అని. ఆ నత్తి ఉన్న కుర్రాడికి మాలో ఎవరమైనా ఆ ఒక్క మాట చెప్పి ఉంటే తెలుగు పీరియడ్‌కి వచ్చేవాడేమో.

బడివాళ్ళకైతే ఖర్చు లేని పని ఒకటుంది, చాలా దేశాల్లో చేస్తున్నదే. బడి మ్యాపు ఒకటి గీసి, పేర్లు రాయక్కర్లేదని చెప్పి, ‘మీకు ఎక్కడ భయమేస్తుందో అక్కడ ఎర్రచుక్క పెట్టండి’ అని ప్రతి పిల్లకీ ఇవ్వాలి. బాత్రూముల దగ్గర, మంచినీళ్ళ కుళాయి దగ్గర, బస్సులో చివరి సీట్ల దగ్గర చుక్కలు గుంపుగా పడతాయి. అక్కడ ఇంటర్వెల్‌లో ఒక టీచర్ నిలబడితే సగం పని అయినట్టే. చుక్కలు క్లాసురూమ్‌లో, బల్ల పక్కనే పడితే మాత్రం ఆ మ్యాపుని బీరువాలో దాచేయకుండా స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందూ పరచాలి.